పాటకి హెడ్‌లైట్లు ఊగుతున్నాయంటే డైనమో మార్చాల్సిందేనా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నాది 2015 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, ఏడు సీట్లది. రెండేళ్ల కింద సౌండ్ సిస్టమ్ పెట్టించాను. వెనక 12 అంగుళాల సబ్‌వూఫర్లు రెండు, వాటికి ఒక మోనో ఆంప్లిఫైయర్. దాని డబ్బా మీద 3000 వాట్స్ అని ఉంది. డోర్ స్పీకర్లకు నాలుగు ఛానళ్ల ఆంప్లిఫైయర్ ఇంకొకటి. రాత్రిపూట ఏసీ వేసి పాటలు పెడితే బేస్ కొట్టిన ప్రతిసారీ హెడ్‌లైట్లు డల్ అవుతున్నాయి. ఏడాదిలో రెండు బ్యాటరీలు పోయాయి. ఒక సబ్‌వూఫర్ కాయిల్ కాలిపోయింది. ఒక షాపులో కెపాసిటర్ పెట్టమన్నారు. ఇంకొకరు రెండో బ్యాటరీ అన్నారు. మూడో అతను ఇప్పుడున్న 90 ఆంప్స్ ఆల్టర్నేటర్ తీసేసి 250 ఆంప్స్‌ది వేస్తానన్నాడు, బడ్జెట్ లేకపోతే ఉన్నదానికే వైండింగ్ మార్చి 200 చేస్తానన్నాడు. ఈ ఖర్చుల మీద ఇంట్లో ఇప్పటికే గొడవ. ఏది చేయించాలి?
ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

తమ్ముడూ, ఉత్తరంతో పాటు మీరు పంపిన ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. ముగ్గురు మీకు మూడు వస్తువులు చెప్పారు. చెప్పేముందు ఒక్కరైనా బానెట్ ఎత్తి మీటర్ పెట్టారా? ఉత్తరంలో ఒక్క వోల్టు అంకె కూడా లేదు కాబట్టి పెట్టలేదనే అనుకుంటున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. మీ లెక్క చూస్తే ఆల్టర్నేటర్ మార్చక తప్పేలా లేదు. కానీ 250 అక్కర్లేదు, వైండింగ్ మార్పించడం అసలే వద్దు. ఈ రెండిటికన్నా ముందు వైరింగ్ సరిచేయించాలి.

మన మెకానిక్‌లు ఆల్టర్నేటర్‌ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. పాత అంబాసిడర్ల కాలంలో నిజంగా డైనమోలే ఉండేవి, ఆ పేరు అలా నిలిచిపోయింది. షాపులో ఏ పేరుతో అడిగినా ఫర్వాలేదు. ఇంటికి బోరు ఎలాగో బండికి ఇది అలాగ. బ్యాటరీ మిద్దె మీద ట్యాంకు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ లైట్లకీ, ఏసీకీ, ఆంప్లిఫైయర్లకీ కరెంటు రావాల్సింది బోరు నుంచే. బోరు పోసే నీళ్ల కంటే ఇంట్లో వాడకం ఎక్కువైతే తేడా అంతా ట్యాంకులోంచి పోతుంది. ఎంత పెద్ద ట్యాంకు కట్టినా ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవ్వాల్సిందే. మీ రెండు బ్యాటరీలూ పోయింది ఇలాగే. పూర్తిగా చార్జ్ అవ్వకుండా సగం సగంగా నెలల తరబడి తిరిగితే లెడ్ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. బ్యాటరీ కంపెనీ మంచిదా కాదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మూడోది కొన్నా అదే గతి.

వాడకం ఎంతో తెలుసుకోవాలంటే డబ్బా మీద అంకె చూడకండి. ఆంప్లిఫైయర్ పక్కన ఉండే ఫ్యూజులు చూడండి. మీ మోనో ఆంప్లిఫైయర్ ఫొటోలో నారింజ రంగు ఫ్యూజులు మూడు కనిపిస్తున్నాయి, ఒక్కోటి 40. మొత్తం 120 ఆంప్స్. దాన్ని 13.8 వోల్టులతో గుణిస్తే లోపలికి పోయేది 1650 వాట్స్ చిల్లర. క్లాస్ డి ఆంప్లిఫైయర్ దాంట్లో దాదాపు 80 శాతాన్ని స్పీకర్లకు ఇస్తుంది, మిగతాది వేడి. అంటే నికరంగా 1300 వాట్స్ దగ్గర. మూడు వేలు అన్నది అట్ట మీద అంకె మాత్రమే. ఇది నిరాశపడే విషయం కాదు, నికరమైన 1300 వాట్స్ ఒక బండికి చాలా ఎక్కువ సౌండ్. నాలుగు ఛానళ్ల దానికి 25వి రెండు ఫ్యూజులున్నాయి, అంటే 50 ఆంప్స్. అది పాత క్లాస్ ఏబీ రకం కాబట్టి 60 శాతం వేసుకుంటే నికరంగా 400 వాట్స్.

రెండూ కలిపి పూర్తి లోడ్ మీద 170 ఆంప్స్. అయితే పాట అంటే ఆగకుండా మోగే సైరన్ కాదు. బేస్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. మామూలు సినిమా పాటలకి సగటున మూడో వంతు లాగుతుంది, అంటే 55 నుంచి 60 ఆంప్స్. బేస్ పెంచిన డీజే మిక్స్‌లు గట్టిగా పెడితే సగం దాకా, అంటే 85. బండి సొంత ఖర్చు దీనికి కలపాలి. రాత్రిపూట హెడ్‌లైట్లు, ముందు బ్లోయర్, మీది ఏడు సీట్లది కాబట్టి వెనక బ్లోయర్, ఏసీ ఫ్యాన్, ఇంజన్ కంప్యూటర్, అన్నీ కలిపితే 55 ఆంప్స్ వేసుకోండి. మొత్తం మామూలుగా 110, గట్టిగా పెడితే 140.

ఇక బోరు ఎంత పోస్తోంది? లేబుల్ మీద 90 అని ఉంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఆ 90 అన్నది చల్లగా ఉన్న ఆల్టర్నేటర్‌ని టెస్ట్ బెంచ్ మీద నిమిషానికి 6000 చుట్లు తిప్పి కొలిచిన అంకె. అది ఇంజన్ స్పీడు కాదు, ఆల్టర్నేటర్ స్పీడు. క్రాంక్ పుల్లీ పెద్దది, ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఇది రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ 800 మీద ఉంటే ఆల్టర్నేటర్ 2200 చుట్ల దగ్గర ఉంటుంది. అక్కడ అది లేబుల్ అంకెలో సగం ఇస్తే గొప్ప. కొన్ని లేబుళ్ల మీద 50/90 అని రెండు అంకెలుంటాయి. మొదటిది తక్కువ స్పీడులో ఇచ్చేది, రెండోది 6000 మీద ఇచ్చేది. మన ఎండాకాలంలో బానెట్ కింద అరగంట మగ్గాక రాగి తీగ రెసిస్టెన్స్ పెరిగి ఇంకో పది, ఇరవై శాతం కోత పడుతుంది. మీ ఆల్టర్నేటర్ హైవే మీద ఇచ్చేది 75, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇచ్చేది 40 లేదా 45.

హైవే మీద మీ వాడకం 110, వచ్చేది 75. లోటు 35 ఆంప్స్ బ్యాటరీలోంచి పోతోంది. జగిత్యాల నుంచి హైదరాబాద్ చేరేసరికి బ్యాటరీ చాలావరకు ఖాళీ. ట్రాఫిక్‌లో ఇంకా ఘోరం. హెడ్‌లైట్లు డల్ అవ్వడానికి కారణం కూడా ఇదే. హాలోజన్ బల్బు 14 వోల్టుల నుంచి 12.4కి పడిపోతే వెలుగు మూడో వంతు తగ్గిపోతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇదంతా కాగితం మీద లెక్క. మీ బండిలో నిజంగా ఇలాగే ఉందో లేదో తేల్చడానికి ఒక మల్టీమీటర్ చాలు. వోల్టేజ్ కనిష్ఠం ఎంత పడిందో పట్టి ఉంచే మిన్ బటన్ ఉన్న మీటర్ అయితే మంచిది, బేస్ దెబ్బ తగిలిన క్షణం అంకె కంటికి ఆనదు. రాత్రంతా బండి ఆగి ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ టెర్మినళ్ల మీద చూడండి. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. తర్వాత అరగంట బండి నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఏమీ వేయకుండా చూడండి. 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. ఇప్పుడు ఏసీ, హెడ్‌లైట్లు, రెండు బ్లోయర్లు వేసి, మీరు రోజూ వినే సౌండ్‌లో మీకు ఇష్టమైన పాట పెట్టి మళ్లీ చూడండి. ఆ పాట నడుస్తుండగానే ఎవరినైనా సాయం పిలిచి వెనక ఆంప్లిఫైయర్ టెర్మినళ్ల మీద కూడా చూడండి. ఇదే వరస ఇంజన్‌ని 2000 మీద పట్టి ఇంకోసారి.

బ్యాటరీ దగ్గర 13.8 ఉండి ఆంప్లిఫైయర్ దగ్గర 12.5 ఉంటే బోరు బాగానే ఉంది, పైపు సన్నం. కొత్త ఆల్టర్నేటర్ మీద పెట్టిన డబ్బు ఆ సన్నపు వైరులో వేడై పోతుంది. రెండు చోట్లా పడిపోతుంటే, 2000 మీద కూడా 13 దాటకపోతే, అప్పుడు ఆల్టర్నేటర్ చాలట్లేదని నిర్ధారణగా అనుకోవచ్చు. మీ బండిలో రెండు జబ్బులూ ఉన్నాయని నా అనుమానం. ఎందుకో చెప్తాను.

మీరు పంపిన నాలుగో ఫొటోలో ఫ్యూజ్ హోల్డర్ దగ్గర ఎర్ర వైరు చివర కనిపిస్తోంది. వైరు మీద 0 గేజ్ (గేజ్ అంటే వైరు లావు కొలత) అని అచ్చు వేసి ఉంది, తొడుగు నిజంగానే బొటనవేలంత లావు. కానీ లోపల తీగల కట్ట పెన్సిల్ అంత కూడా లేదు, కోసిన చోట తీగలు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్క తీగ బయటికి లాగి బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా వస్తే తగరం పూసిన రాగి, అది మంచిదే. అల్యూమినియం కరెంటు మోసే శక్తి రాగిలో అరవై శాతం చిల్లర మాత్రమే.

లెక్క చూడండి. ముందు నుంచి వెనక దాకా 5 మీటర్ల వైరు. 20 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే 120 ఆంప్స్ లాగినప్పుడు అర వోల్టు దారిలోనే పోతుంది. అదే సైజు రాగి పూత అల్యూమినియం అయితే దాదాపు 0.8 వోల్టు. 50 చదరపు మిల్లీమీటర్ల నికరమైన రాగి వైరు వేస్తే 170 ఆంప్స్ లాగినా పోయేది 0.3 లోపే. అందుకే గేజ్ అంకె అడగకండి, ఎన్ని స్క్వేర్ ఎంఎం, పూర్తి రాగేనా అని అడగండి. ఆడియో షాపులోనే కొనాలని లేదు. వెల్డింగ్ సామాన్లు అమ్మే చోట 50 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ దొరుకుతుంది, మెత్తగా వంగుతుంది, గట్టిగా పనిచేస్తుంది. అక్కడా అల్యూమినియంది అమ్ముతారు, గీకి చూసే తీసుకోండి. ఇంజన్ దగ్గర మాత్రం దాని మీద వేడిని, డీజిల్‌ని తట్టుకునే గొట్టం తొడిగించండి.

వెనక్కి పోయే వైరు ఒక్కటే కాదు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి, ఈ మూడూ కంపెనీ వాళ్లు 90 ఆంప్స్‌కి సరిపోయేలా వేసినవి. పాతవి తీయక్కర్లేదు, పక్కనే లావు వైర్లు కలపండి. ఎర్త్ దగ్గర మనవాళ్లు చాలా అశ్రద్ధ చేస్తారు. పెయింట్ మీదే బోల్ట్ బిగించేస్తారు. పెయింట్ గీకి, ఇనుము తెల్లగా కనిపించాక లగ్ (వైరు చివర నొక్కే లోహపు కొన) పెట్టి బిగించి, పైన కొంచెం వాజిలిన్ రాయించండి, తుప్పు పట్టదు. లగ్‌లు సుత్తితో కొట్టి నొక్కితే ఒప్పుకోకండి, హైడ్రాలిక్ క్రింపింగ్ మెషిన్ ఉన్న చోటే చేయించండి. బ్యాటరీ నుంచి వెనక్కి పోయే వైరుకి బ్యాటరీ నుంచి జానెడు, జానెడున్నర లోపలే ఫ్యూజ్ ఉండాలి. మీ ఫొటోలో అది వెనక సీటు కింద ఉంది. వైరు దారిలో ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆ ఫ్యూజ్ ఏమీ చేయలేదు, బ్యాటరీ మొత్తం ఆ ఒక్క చోట కుమ్మరించి మంట లేస్తుంది. మిగతావన్నీ నిదానంగా చేయించినా ఈ ఒక్కటీ ఈ వారమే మార్పించండి. కొత్త ఆల్టర్నేటర్ వైరుకి కూడా ఫ్యూజ్ కావాలి, అది ఆల్టర్నేటర్ రేటింగ్ కంటే కొంచెం ఎక్కువది.

కెపాసిటర్ గురించి. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇచ్చేది 26 జౌల్స్. మీ మోనో ఆంప్లిఫైయర్ పూర్తి లోడ్ మీద సెకనుకి 1650 జౌల్స్ తింటుంది. అంటే ఆ కెపాసిటర్ 16 మిల్లీసెకన్లలో అయిపోతుంది, రెప్పపాటు కూడా కాదు. ట్యాంకు పక్కన చెంబు పెట్టినట్టు. మళ్లీ ఆ చెంబు నింపాల్సింది కూడా ఆ బోరే. దాని మీద డబ్బు పెట్టకండి.

రెండో బ్యాటరీ అలా తీసిపారేసేది కాదు. ఇంజన్ ఆపి గంటసేపు పాటలు వినే అలవాటు ఉంటే అది కావాలి. మీరు నడుస్తున్న బండిలోనే వింటున్నారు కాబట్టి ఇప్పుడు వద్దు. ఖాళీ బ్యాటరీ ఇంకొకటి చేరిస్తే 90 ఆంప్స్ ఆల్టర్నేటర్ మీద ఇంకా బరువు. ఆల్టర్నేటర్ మార్చాక ముందున్న బ్యాటరీనే నీళ్లు పోయక్కర్లేని మంచి ఏజీఎం రకానికి మార్చుకోండి, ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వడంలో అది మామూలు బ్యాటరీ కంటే మెరుగు. ఎప్పుడైనా బండి లోపల బ్యాటరీ పెట్టాల్సి వస్తే నీళ్లు పోసే రకం పెట్టొద్దు. చార్జింగ్‌లో దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది, అద్దాలు ఎత్తి పిల్లలు కూర్చునే చోట అది ఉండకూడదు.

వైండింగ్ సంగతి మాత్రం నా అనుభవంతో చెప్తున్నాను. పదిహేనేళ్ల కింద నా సొంత డీజిల్ బండికి ఇదే పని చేయించాను. ఒక షాపులో స్టేటర్‌లో, అంటే ఆల్టర్నేటర్ లోపల తిరగకుండా ఉండే చుట్టల భాగంలో, పాత తీగ తీసి లావు తీగ చుట్టారు, 90ది 180 అయింది అన్నారు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మీటర్ పెడితే నిజంగానే బాగా చూపించింది, సంతోషపడ్డాను. మూడో వారం హైదరాబాద్ నుంచి విజయవాడ పోతూ సూర్యాపేట దాటాక డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగింది. మొదట సన్నగా, తర్వాత ఘాటుగా, కాలిన వార్నిష్ వాసన. హెడ్‌లైట్లు పసుపు నుంచి ఇటుక రంగులోకి దిగిపోయాయి. పక్కన మా అమ్మ ఉంది. ముందు పోయే లారీ వెనక లైటు పట్టుకుని కోదాడ దాకా ఎలా వెళ్లామో నాకే తెలుసు. మర్నాడు విప్పితే డయోడ్ ప్లేట్ మీద సోల్డర్ కరిగి కారిపోయి ఉంది, స్టేటర్ తీగ బొగ్గులా అయింది.

కారణం ఆ మేస్త్రి పనితనం కాదు, చుట్టడం చక్కగానే చుట్టాడు. 90 ఆంప్స్ కోసం చేసిన డబ్బా, 90 ఆంప్స్ డయోడ్లు, 90 ఆంప్స్‌కి సరిపడే ఫ్యాన్ అలాగే ఉంచి తీగ ఒక్కటి మారిస్తే వేడి ఎటు పోతుంది? పైగా లావు తీగ పట్టించడానికి చుట్లు తగ్గిస్తారు, చుట్లు తగ్గితే ఐడ్లింగ్‌లో వచ్చేది ఇంకా పడిపోతుంది. నాది పాత రకం పంపు ఇంజన్ కాబట్టి కరెంటు కరువైనా నడిచింది. మీది కామన్ రైల్, అంటే డీజిల్ చిమ్మడం కంప్యూటర్ చేతిలో ఉండే రకం. వోల్టేజ్ మరీ పడిపోతే ఇంజన్ కంప్యూటర్ ఆగిపోతుంది, బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. కుటుంబం ఎక్కే బండిలో ఈ ప్రయోగం వద్దని చేతులు పట్టుకుని చెప్తున్నాను.

మరి ఎంతది కొనాలి? లేబుల్ అంకె నుంచి మొదలుపెట్టకండి. వేడి మీద, ఐడ్లింగ్‌లో 85 నుంచి 95, హైవే స్పీడులో 140 నుంచి 150 వచ్చేది కావాలి మీకు. అలాంటిది లేబుల్ మీద 170 నుంచి 180 దగ్గర ఉంటుంది. 250 అని రాసి ఐడ్లింగ్‌లో 50 ఇచ్చేవి ఉంటాయి. హైవే మీద అద్భుతంగా ఉండి, ట్రాఫిక్‌లో మీ పాతదానంతే పనిచేస్తాయి. అమ్మేవాడిని ఏ స్పీడులో ఎన్ని ఆంప్స్ ఇస్తుందో రాసిన టెస్ట్ షీట్ అడగండి, వేడి మీద కొలిచినదా అనీ అడగండి. షీట్ లేదంటే, మీ కళ్ల ముందు టెస్ట్ బెంచ్ మీద పెట్టి 2200 చుట్ల దగ్గర చూపించమనండి. అది కూడా కుదరదంటే అక్కడ కొనకండి. గుండ్రటి తీగకి బదులు చదరపు రాగి కడ్డీలు వంచి చేసే హెయిర్‌పిన్ స్టేటర్ రకం అయితే అదే డబ్బాలో ఎక్కువ రాగి పడుతుంది, తక్కువ స్పీడులో కూడా బాగా ఇస్తుంది. దొరికితే దానికే నా ఓటు.

పెద్దది పెడితే ఎక్కువ కరెంటు తోసేసి కంప్యూటర్ కాల్చేస్తుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. వోల్టేజ్‌ని రెగ్యులేటర్ 14 చిల్లర మీద పట్టి ఉంచుతుంది, ఎవరికి ఎంత కావాలో అంతే లాక్కుంటారు. టెన్షన్ పడాల్సింది బెల్ట్ గురించి. 150 ఆంప్స్ ఇస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇంజన్ నుంచి నాలుగైదు హార్స్ పవర్ లాగుతుంది, అదంతా ఆ రబ్బరు పట్టీ మీదే. పాత బెల్ట్ జారుతుంది, కీచుమంటుంది. కొత్త బెల్ట్, దాన్ని బిగువుగా పట్టి ఉంచే కొత్త టెన్షనర్ ఇదే పనిలో వేయించేయండి. ఐడ్లింగ్‌లో ఎక్కువ రావాలని మరీ చిన్న పుల్లీ వేస్తామంటే ఒప్పుకోకండి, బెల్ట్ చుట్టుకునే చోటు తగ్గి ఇంకా జారుతుంది. చాలా డీజిల్ ఇంజన్లలో ఆల్టర్నేటర్ పుల్లీ లోపల ఒక వైపే పట్టే క్లచ్ ఉంటుంది, ఇంజన్ కుదుపుని అది మింగేస్తుంది. మీ దానికి అలాంటిది ఉంటే కొత్తదానికీ అలాంటిదే ఉండాలి. మామూలు గట్టి పుల్లీ వేస్తే బెల్ట్ కొట్టుకుని త్వరగా తెగుతుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. మన దగ్గర చాలా డీజిల్ బళ్లలో బ్రేక్ బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే అతికి ఉంటుంది. ఆల్టర్నేటర్ వెనక చూడండి. సన్నపు ఆయిల్ పైపు, బ్రేక్ వైపు పోయే లావు రబ్బరు పైపు ఉన్నాయంటే మీదీ ఆ రకమే. వెనక పంపు లేని పెద్ద ఆల్టర్నేటర్ తెచ్చి బిగిస్తే కరెంటు బాగా వస్తుంది, బ్రేక్ పెడల్ మాత్రం రాయిలా అయిపోతుంది. మీ ఫొటోల్లో ఆ వైపు కనపడలేదు. ముందు అది చూసుకునే బేరం మొదలుపెట్టండి. కనెక్టర్‌లో ఎన్ని వైర్లున్నాయో కూడా లెక్కపెట్టి ఫొటో తీసుకోండి. ఒకటి చార్జింగ్ లైటుకి, కొన్ని బళ్లలో ఒకటి ఆర్‌పీఎం మీటర్‌కి, కొన్నిట్లో ఒకటి ఇంజన్ కంప్యూటర్‌కి పోతుంది. కొత్తది వీటన్నిటికీ కుదరాలి.

అందుకే మీకు నేను చెప్పే దారి, అదే ఇంజన్ కుటుంబానికి కంపెనీ తయారుచేసిన పెద్ద రేటింగ్ ఆల్టర్నేటర్ ఉందేమో వెతకడం. ఒకే ఇంజన్‌ని అంబులెన్సుకీ, డబుల్ ఏసీ బండికీ వాడినప్పుడు పెద్దది వేసిన సందర్భాలుంటాయి. బోల్టులు బిగించే కాళ్లు, పుల్లీ, పంపు అన్నీ కుదురుతాయి, పాడైతే మళ్లీ దొరుకుతుంది. ఆటోనగర్‌లో పార్ట్ నంబర్ పట్టుకుని అడగండి, బండి పేరు చెప్పి కాదు. అలా 140, 150 ఆంప్స్‌ది దొరికినా నేను సంతోషంగా వేయించుకోమంటాను. 180 కోసం బ్రాకెట్ వెల్డింగ్ చేయించి వంకరగా బిగించడం కంటే అది వంద రెట్లు నయం.

ఈ కాలమ్ చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ వెతుకులాట తక్కువ, అక్కడి బళ్లకి మెక్‌మ్యాన్, సింగర్ లాంటి కంపెనీలు బండిని బట్టి పెద్ద ఆల్టర్నేటర్లు చేస్తాయి. ఐడ్లింగ్ అంకె అడగడం మాత్రం అక్కడా మర్చిపోకండి. ఇక్కడ కొత్త బీఎస్6 బళ్లు ఉన్నవాళ్లు, చార్జింగ్‌ని ఇంజన్ కంప్యూటరే నడిపే రకం అయితే, కంపెనీ వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా చెయ్యి పెట్టనివ్వకండి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ లాంటి బళ్లలో స్టార్టర్, జనరేటర్ ఒకటే యూనిట్. దాన్ని మార్చే ఆలోచనే వద్దు, ఆంప్లిఫైయర్ చిన్నది పెట్టుకోండి.

మీ కాయిల్ కాలింది కూడా ఈ కరువు వల్లే అని నా నమ్మకం. వోల్టేజ్ పడితే ఆంప్లిఫైయర్ సౌండ్ తగ్గుతుంది. తగ్గిందని మీరు గెయిన్ (ఆంప్లిఫైయర్ మీద సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచుతారు. అప్పుడు ఆంప్లిఫైయర్ ఇవ్వగలిగిన దాన్ని దాటి సిగ్నల్ తలలు తెగిపోతాయి, కాయిల్‌కి చల్లబడే వ్యవధి లేకుండా వేడి ఎక్కుతూ ఉంటుంది. ఆల్టర్నేటర్, వైర్లు మార్చిన రోజే గెయిన్ మొత్తం కిందికి దించి, మళ్లీ మొదటి నుంచి సెట్ చేయించండి. ఇప్పుడున్న దాంట్లో సగానికే మీకు కావాల్సిన సౌండ్ వస్తే ఆశ్చర్యపోకండి.

పని జరిగేటప్పుడు మీరు పక్కనే ఉండండి. పాత అలవాటు కొద్దీ కొందరు మేస్త్రులు డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. అలా చేస్తే ఆ క్షణంలో వోల్టేజ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది, కంప్యూటరూ ఆంప్లిఫైయరూ రెండూ పోవచ్చు. మర్యాదగానే చెప్పండి, కానీ చెయ్యి పడనివ్వకండి. ఆల్టర్నేటర్ విప్పేముందు మాత్రం ఇంజన్ ఆపి బ్యాటరీ నెగటివ్ తప్పకుండా తీయించండి.

ఇక ఇంట్లో గొడవ సంగతి. అన్నీ ఒకేసారి చేయించక్కర్లేదు. ఈ వారం ఫ్యూజ్ జరిపించి మీటర్ రీడింగ్‌లు తీయండి. వచ్చే నెల రాగి వైర్లు, ఎర్త్‌లు. ఆ తర్వాత మళ్లీ అవే రీడింగ్‌లు. వైర్లు మార్చాక హైవే మీద 13.5 నిలబడుతుంటే, ఆల్టర్నేటర్ ఖర్చు ఇంకో ఆరు నెలలు వాయిదా వేసుకోవచ్చు. నిలబడకపోతే మీ ఆవిడగారికి ఆ అంకెలే చూపించండి. ఏడాదిలో రెండు బ్యాటరీలకీ, ఒక కాయిల్‌కీ అయిన ఖర్చు పక్కన రాసి చూపిస్తే మాట తేలికవుతుంది. అప్పటిదాకా రాత్రి ప్రయాణాల్లో బేస్ తగ్గించి వినండి, బండి ఆపి ఉన్నప్పుడు అసలు పెట్టకండి.

రీడింగ్‌లు తీశాక ఇంజన్ వేడి మీద ఐడ్లింగ్‌లో ఒకటి, 2000 మీద ఒకటి, రెండూ బ్యాటరీ దగ్గరా ఆంప్లిఫైయర్ దగ్గరా, ఆ నాలుగు అంకెలు నాకు రాసి పంపండి. ఆల్టర్నేటర్ వెనక వైపు ఫొటో, కనెక్టర్ ఫొటో కూడా జత చేయండి. ఏ రేటింగ్‌ది, పంపు ఉన్నదా లేనిదా అన్నది అవి చూసి చెప్తాను.